కాఫీ షాపు పెట్టే ముందు అద్దెను కప్పుల్లో లెక్కేసుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఎనిమిదేళ్లుగా చేస్తున్న ఉద్యోగం మానేసి, దాచుకున్న డబ్బులో సగానికి పైగా పెట్టి 40 కుర్చీల కాఫీ షాపు తెరవాలనుకుంటున్నారు. మూల మీద ఒక షాపు చూసి పెట్టుకున్నారు. ఏ మెషిన్ కొనాలి, గింజలు సొంతంగా రోస్ట్ చేసుకుంటే మిగులుతుందా, ఎన్నాళ్లకు లాభాల్లో పడతాం అని అడిగారు.

నేను 12 ఏళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నాను. రెండు షాపులు పెట్టాను. ఒకటి నడుస్తోంది, రెండోది 14 నెలలకే మూసేశాను. మీరు అడిగిన మూడింటికీ జవాబు చెబుతాను గానీ, ముందు నేనొకటి అడగాలి. మీరు చూసిన ఆ షాపు ముందు నుంచి పొద్దున ఏడుకీ పదికీ మధ్య ఎంతమంది నడిచి వెళ్తారు? అద్దె ఎంతో రాశారు, కుర్చీలు ఎన్నో రాశారు, గోడలకు వేయబోయే రంగు కూడా రాశారు. ఇది మాత్రం రాయలేదు.

ఎందుకు అడుగుతున్నానంటే, ఈ వ్యాపారంలో ఖర్చును డబ్బుల్లో చూస్తే అసలు సంగతి కనబడదు. కప్పుల్లో చూడాలి. పన్ను ఎలాగూ మనది కాదు, దాన్ని ముందే పక్కన పెట్టేయండి. ఆ తర్వాత ఒక కప్పు మీద చేతికి 100 వచ్చిందనుకుందాం. గింజలు, పాలు, చక్కెర, పేపర్ కప్పు, దాని మూత, కార్డు మెషిన్ చార్జీ, పారబోసింది అన్నీ కలిపి 30 దాకా పోతాయి. మిగిలిన 70తోనే అద్దె, జీతాలు, కరెంటు, అప్పు వాయిదా కట్టాలి. ఇప్పుడు మీ నెల అద్దెను ఒక కప్పు మీద మిగిలే ఆ మొత్తంతో భాగించండి. అద్దె కట్టడానికి ఎన్ని కప్పులు అమ్మాలో వస్తుంది. జీతాలనూ అలాగే, మిగతా వాటినీ అలాగే.

ఉదాహరణకు అద్దెకు 900 కప్పులు, జీతాలకు 1,800, కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్, బీమా, లెక్కలు రాసేవాళ్లకు కలిపి 400, అప్పు వాయిదాకు 500 అనుకుందాం. మొత్తం 3,600 కప్పులు. నెలకు 26 రోజులు తెరిస్తే రోజుకు దాదాపు 140. ఇక్కడిదాకా వస్తే లాభమూ లేదు, నష్టమూ లేదు. ఇందులో మీ జీతం కూడా లేదని గమనించండి. చాలామంది లెక్క ఇక్కడే తప్పుతుంది. 'నాకు జీతం ఎందుకు, షాపు నాదే కదా' అంటారు. ఏడాది తిరిగేసరికి ఇంటి ఖర్చులకు గల్లా పెట్టెలోంచి తీస్తూ, అదే లాభం అనుకుంటూ ఉంటారు. మీ జీతాన్ని కూడా కప్పుల్లోకి మార్చి కలపండి. అప్పుడొచ్చే అంకె చూసి కంగారు పడితే పడండి, అది ఇప్పుడు పడటమే మంచిది.

140 కప్పులంటే వినడానికి పెద్దగా అనిపించదు. పది గంటలు తెరిస్తే గంటకు 14, అంతే కదా అనుకుంటాం. కానీ జనం అలా సమానంగా పంచుకుని రారు. సగం మంది పొద్దున మూడు గంటల్లోనే వచ్చేస్తారు. అందులోనూ ఒక అరగంట ఉంటుంది, అందరూ ఆఫీసుకు పోయే వేళ. ఆ అరగంటలో 25 మంది వస్తే, ఒక్కొక్కరికీ మీకు దొరికేది 72 సెకన్లు. ఆర్డరు తీసుకోవాలి, డబ్బు తీసుకోవాలి, షాట్ (మెషిన్ నుంచి దిగే చిక్కటి కాఫీ) తీయాలి, పాలు కాచాలి, మూత పెట్టి ఇవ్వాలి. ఆరుగురు వరుసలో ఉంటే ఏడో మనిషి గుమ్మం దగ్గరే లోపలికి తొంగిచూసి వెళ్లిపోతాడు. వెళ్లిపోయినవాడు ఏ లెక్కల పుస్తకంలోనూ కనబడడు.

అసలు ఎస్ప్రెస్సో, అంటే ఇలా మెషిన్ ఒత్తిడితో దించే కాఫీ, పుట్టిందే ఈ తొందర కోసం. మిలాన్‌లో లుయిజి బెజ్జెరా 1901లో పేటెంట్ తీసుకున్నది, ఒక్కో మనిషికి ఒక్కో కప్పు అప్పటికప్పుడు, త్వరగా తీసి ఇచ్చే ఆవిరి మెషిన్‌కు. ఆవిరి వేడి ఎక్కువై ఆ కాఫీ కాస్త మాడు రుచి వచ్చేదంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అకిలె గాజ్జియా చేసిన, చేత్తో లాగే లివర్ మెషిన్లు వచ్చాకే పైన ఆ బంగారు రంగు నురుగు, క్రెమా, మామూలు విషయమైంది. 1961లో ఫాయెమా కంపెనీ వాళ్ల ఇ61 మెషిన్‌లో చేతి లివర్ బదులు మోటారు పంపు వచ్చింది. ఇప్పటికీ మనం వాడేది 9 బార్ల ఒత్తిడి, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు తొమ్మిది రెట్ల ఒత్తిడి పద్ధతే. దీన్ని వాతావరణం, అనుభూతి అంటూ అమ్ముతున్నాం గానీ, మెషిన్ మాత్రం ఆఫీసుకు ఆలస్యమైనవాడి కోసమే తయారైంది.

ఇక ఆ మూల మీద షాపు సంగతి. మూసేసిన నా రెండో షాపు కథ ఇక్కడ చెప్పాలి. ఆ స్థలం చూడటానికి నేను ఆదివారం సాయంత్రం వెళ్లాను. జాతరలా ఉన్నారు జనం. ఎదురుగా అరుగు మీద కూర్చుని గంటసేపు లెక్కబెడితే 900 మందికి పైగా వచ్చారు. ఇంకేం, మరునాడే అడ్వాన్సు ఇచ్చేశాను. తెరిచిన వారానికి అర్థమైంది. పొద్దున ఎనిమిదికి మా వైపు నడిచేవాళ్లు గంటకు 60 మంది కూడా లేరు. రైలు స్టేషన్‌కు పోయేవాళ్లంతా రోడ్డుకు అవతలి వైపు నడుస్తారు. నాలుగు లేన్ల రోడ్డు, మధ్యలో డివైడర్. అవతల నుంచి మా బోర్డు చక్కగా కనబడుతుంది, చూస్తారు, పోతారు. కాఫీ కోసం రోడ్డు దాటేవాడు ఉండడు. సాయంత్రం జనం వచ్చేవాళ్లు, కూర్చునేవాళ్లు, కానీ ఇద్దరికి ఒక కాఫీ. ఆ 14 నెలల్లో నేను పోగొట్టుకున్న డబ్బుతో మొదటి షాపుకు రెండు కొత్త మెషిన్లు వచ్చేవి.

కాబట్టి ఇలా చేయండి. బొటనవేలితో నొక్కితే అంకె పెరిగే చిన్న కౌంటర్ ఒకటి కొనండి. మంగళవారం, గురువారం, శనివారం వెళ్లండి. పొద్దున ఏడు నుంచి పది, మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు, సాయంత్రం నాలుగు నుంచి ఆరు. షాపు గుమ్మం ఉన్న వైపు నడిచేవాళ్లనే లెక్కపెట్టండి. చేతిలో ఇప్పటికే కప్పు పట్టుకుని పోతున్నవాళ్లెంతమందో విడిగా రాసుకోండి. వాళ్లు ఎక్కడ కొన్నారో వెనక్కి నడిచి చూసి రండి. వాన పడే రోజు ఒకటి కలిస్తే ఇంకా మంచిది. ఇరుగుపొరుగు షాపులవాళ్లను 'ఇక్కడ ముందు ఏముండేది, ఎందుకు ఖాళీ చేశారు' అని అడగండి. ఇంటి యజమాని చెప్పే కథ వేరు, పక్క షాపతను చెప్పే కథ వేరు.

40 కుర్చీలు వద్దు. 16 చాలు, కిటికీ పక్కన నిలబడి తాగడానికి ఒక బల్ల. మీ ప్లాను చూస్తే కౌంటర్‌ను ఒక మూలకు తోసి, కుర్చీలకు చోటు చేశారు. తిరగేయండి. కౌంటర్‌కు స్థలం ఇవ్వండి, ఇద్దరు మనుషులు ఒకరికొకరు తగలకుండా పని చేయగలిగేంత. గ్రైండర్, మెషిన్, పాల ఫ్రిజ్, కప్పులు ఇవన్నీ నిలబడ్డ చోటు నుంచి ఒక అడుగులో అందాలి. నా మొదటి షాపులో పాల ఫ్రిజ్ వెనక గదిలో పెట్టాను. రోజుకు ఎన్నిసార్లు తిరిగామో లెక్కలేదు. మూడో నెలలో కౌంటర్ పగలగొట్టి, కిందకు దూరే ఫ్రిజ్ పెట్టించాను.

మెషిన్ దగ్గరకు వద్దాం. మీరు అడిగిన లెక్కకు రెండు గ్రూపులది, అంటే కాఫీ దిగే తలలు రెండు ఉన్నది, సరిపోతుంది. ఏ కంపెనీది అన్నది నన్నడిగితే రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, మెషిన్ ఆగిపోతే మెకానిక్ ఎన్ని గంటల్లో వస్తాడు, విడిభాగాలు మీ ఊళ్లో దొరుకుతాయా అని. ఎంత గొప్ప మెషినైనా, గాస్కెట్ కోసం పది రోజులు ఆగాలంటే అది మీకు పనికిరాదు. సెకండ్ హ్యాండ్ తీసుకోవడంలో తప్పు లేదు, బాయిలర్ విప్పి చూపించమనండి. చూపించనంటే వదిలేయండి.

డబ్బు తక్కువైతే మెషిన్‌లో తగ్గించుకోండి, గ్రైండర్‌లో తగ్గించకండి. పొడి సమానంగా పడకపోతే ఒకే కప్పులో మెత్తటి పొడి చేదునూ, బరక పొడి పులుపునూ దింపుతాయి. వెనక ఎంత ఖరీదైన మెషిన్ ఉన్నా దాన్ని సరిచేయలేదు. గ్రైండర్ బ్లేడ్లు, అవే బర్లు, కొన్ని వందల కిలోలు ఆడాక మొద్దుబారతాయి. మార్చే ఖర్చు ఏడాది బడ్జెట్‌లో ముందే రాసుకోండి.

కరెంటు లోడు గురించి ఎవరూ ముందు చెప్పరు. రెండు గ్రూపుల మెషిన్ ఒక్కటే మూడు నాలుగు కిలోవాట్లు లాగుతుంది, కొన్ని ఇంకా ఎక్కువ. గిన్నెలు కడిగే మెషిన్, ఏసీ, ఫ్రిజ్‌లు, గ్రైండర్లు కలిపితే తడిసి మోపెడవుతుంది. మా మొదటి రోజు బంధువులు, స్నేహితులు, పక్క షాపులవాళ్లు, లోపల ఇసకేస్తే రాలనట్టు ఉన్నారు. మెషిన్, డిష్‌వాషర్, ఏసీ ఒకేసారి నడుస్తుండగా టప్‌మని మెయిన్ పడిపోయింది. పాలు సగం కాగాయి, చీకట్లో అందరూ ఫోన్ లైట్లు వేశారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, లోపల ఏడుపొచ్చింది. ఆ లోడు పెంచుకోవడానికి ఐదు వారాలు పట్టింది. అన్నాళ్లూ ఏసీ ఆపి, గిన్నెలు చేత్తో కడిగాం. అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకముందే ఆ షాపుకు ఎంత లోడు ఇచ్చారు, పెంచడానికి వీలుందా, ఖర్చు ఎవరిది అని కాగితం మీద రాయించుకోండి. డ్రైనేజీ కూడా అంతే. కౌంటర్ కిందకు నీళ్లు పోయే దారి లేకపోతే నేల తవ్వాలి.

నీళ్ల గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఎస్ప్రెస్సోలో 90 శాతం, ఫిల్టర్ పేపర్‌తో వడకట్టిన కాఫీలో 98 శాతానికి పైగా నీళ్లే. స్పెషాల్టీ కాఫీ అసోసియేషన్ సూచించే లెక్క ప్రకారం నీటి కఠినత్వం లీటరుకు 50 నుంచి 175 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి, కరిగిన లవణాలు మొత్తం 150కి దగ్గరగా ఉంటే మంచిది. అంతకన్నా గట్టి నీళ్లయితే బాయిలర్‌లో సున్నం పేరుకుంటుంది. మరీ ఏమీ లేని నీళ్లయితే కాఫీ చప్పగా, పీలగా వస్తుంది, ఆ నీళ్లు లోహాన్ని కూడా తినేస్తాయి. అందుకే ఆర్వో పెట్టి నిశ్చింతగా ఉండటానికి లేదు, అందులోకి కొంత ఖనిజం తిరిగి కలిపే ఏర్పాటు ఉండాలి. నేను మొదట్లో ఇవేవీ పట్టించుకోలేదు. రెండో ఏడాది ఆవిరి నీరసంగా రావడం మొదలైంది, పాలు కాగడానికి రెట్టింపు సమయం. మెకానిక్ బాయిలర్ విప్పి హీటింగ్ ఎలిమెంట్ బయటకు తీస్తే, సుద్దముక్కలా తెల్లగా, వేలు మందాన పెంకు కట్టి ఉంది. స్క్రూడ్రైవర్‌తో తడితే పెచ్చులు పెచ్చులుగా రాలింది. మూడు రోజులు షాపు మూత. ఫిల్టర్ కార్ట్రిడ్జ్‌కు మిగిల్చాననుకున్న డబ్బంతా ఆ మూడు రోజుల్లోనే పోయింది.

ఇప్పుడు పొద్దున షాపు తెరిచే పని ఎలా ఉంటుందో చెబుతాను. మీరు ఈ పనిని రోజూ చేయగలరా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది. ఆరుంబావుకు లైట్లు వేస్తాను. మెషిన్ వేడెక్కే అరగంటలో కప్పులు, పాలు సర్దుకుంటాను. మొదటి రెండు షాట్లు ఎవరికీ కాదు, పారబోయడానికే. తూకం మీద 18 గ్రాముల పొడి, దాని నుంచి 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లలో. ఇది మా కొలత. మొన్న సోమవారం అదే గింజలు, అదే గ్రైండర్, ఆదివారం పెట్టిన సెట్టింగే. 19 సెకన్లకే 36 గ్రాములు దిగిపోయింది. నాలుక మీద పెడితే నీళ్లగా, పచ్చి పులుపు. గ్రైండర్‌ను రవ్వంత మెత్తగా తిప్పాను, 23 సెకన్లు. ఇంకొంచెం తిప్పాను, 28. ఈసారి తియ్యదనం వచ్చింది, చివర్లో కాస్త చేదు, సరిపోయింది. గింజల వయసు పెరిగేకొద్దీ, గాలిలో తేమ మారేకొద్దీ ఇలా జరుగుతూనే ఉంటుంది. అందుకే ప్రతి రోజూ సరిచూసుకోవాలి, మధ్యాహ్నం ఇంకోసారి. ఆ సెకన్లన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటాం. ఎవరు డ్యూటీలో ఉన్నా ఆ పేజీ చూస్తే చాలు.

రాత్రి మూసేటప్పుడు ఇంకో అరగంట. రంధ్రాల్లేని బాస్కెట్‌లో డిటర్జెంట్ వేసి గ్రూప్‌లు వెనక్కి కడగాలి, పొడి మీదకు నీళ్లు జల్లే జాలీని (షవర్ స్క్రీన్) విప్పి తోమాలి, గింజల డబ్బాకు పట్టిన నూనె తుడవాలి. పాలు కాచే ఆవిరి గొట్టాన్ని మాత్రం రాత్రిదాకా ఆపకూడదు, ప్రతి జగ్ తర్వాతా వెంటనే తడిగుడ్డతో తుడిచి, ఒక్కసారి ఆవిరి వదలాలి. ఏ షాపులోకి వెళ్లినా నేను ముందు చూసేది ఆ గొట్టమే. దాని మీద పాలు ఎండి అట్ట కట్టి ఉంటే, మంచినీళ్లు తాగి బయటకు వచ్చేస్తాను.

గింజలు సొంతంగా రోస్ట్ చేసుకోవడం: వద్దు, కనీసం మొదటి రెండేళ్లు. లెక్క చూడండి. రోజుకు 140 కప్పులంటే 18 గ్రాముల చొప్పున రెండున్నర కిలోలు, నెలకు 65 కిలోలు. వేగేటప్పుడు పచ్చి గింజల బరువులో 15 శాతం దాకా తేమగా, పొట్టుగా పోతుంది. కాబట్టి 76 కిలోల పచ్చి గింజలు కొనాలి. ఈ కొద్దిదాని కోసం వేయించే మెషిన్ కొని, పొగ గొట్టం పెట్టి, పై అంతస్తువాళ్లతో గొడవలు పడి, వారానికి రెండు రోజులు దాని ముందు నిలబడాలా? ఆ రెండు రోజులూ కౌంటర్ దగ్గర ఉండండి. గింజలు వేయించి అమ్మే మంచి రోస్టర్‌ను ఒకరిని ప్రధానంగా పెట్టుకుని, రెండో వాళ్ల దగ్గర కూడా కొంచెం కొంటూ ఉండండి, ఒకరు చేతులెత్తేస్తే ఇంకొకరు ఉంటారు. ప్యాకెట్ మీద రోస్ట్ చేసిన తేదీ లేకపోతే కొనవద్దు. వేయించిన గింజలు కొన్నాళ్లపాటు కార్బన్ డయాక్సైడ్ వదులుతూ ఉంటాయి, ఎస్ప్రెస్సోకు వారం, పది రోజులు ఆగితేనే షాట్ నిలకడగా వస్తుంది. అలాగని గుట్టలుగా కొని దాచకండి. రెండు వారాలకు సరిపడా చాలు.

గింజల ధర మీ చేతిలో లేదు. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ కాఫీ పండించేది బ్రెజిల్, తర్వాత వియత్నాం. అక్కడ మంచు కురిసినా, వానలు రాకపోయినా మన బిల్లు పెరుగుతుంది. 2021 జూలైలో బ్రెజిల్ తోటలు మంచుకు మాడిపోయాయి. 2024లో కరువు వచ్చి, ఆ డిసెంబరులో న్యూయార్క్ మార్కెట్‌లో అరబికా రకం గింజల ధర 1977 నాటి రికార్డును దాటేసింది. అప్పుడు నా రోస్టర్ ఆరు నెలల్లో మూడుసార్లు ధర పెంచాడు. కంగారు పడి నేను నాసిరకం గింజలకు మారిపోతే, అప్పటిదాకా వాడుకగా వస్తున్నవాళ్లు వారంలో పసిగట్టేవాళ్లు. అసలు లెక్క చూస్తే, 100కు అమ్మే కప్పులో గింజల వాటా 10 లోపే. అవి రెట్టింపైనా కప్పు మీద పడేది మరో 10. ధర కొంచెం పెంచి, కౌంటర్ మీద చిన్న కాగితం పెట్టాను. ఒకరిద్దరు గొణిగారు, ఎవరూ మానలేదు. మీరు భయపడాల్సింది గింజల ధరకు కాదు, అద్దెకు, జీతాలకు.

ఇంకా చెప్పాలంటే తరుగుకు. పాలు కాచే జగ్‌లో ప్రతిసారీ అడుగున 40 మిల్లీలీటర్లు మిగిలిపోతుంది. కళ్లకు అదొక లెక్కే కాదు. పాల కాఫీలు రోజుకు వంద అమ్మితే నాలుగు లీటర్లు సింకులోకి. నెలకు వంద లీటర్లకు పైనే. అలాగే 18కి బదులు చేతి అంచనాతో 21 గ్రాములు వేసేస్తే, 140 కప్పులకు నెలలో 11 కిలోల గింజలు ఎక్కువ పోతాయి. ఇలాంటివి ఎవరూ దొంగిలించినవి కావు, అలవాటుగా పోయేవి. చిన్న జగ్ ఒకటి, పెద్ద జగ్ ఒకటి పెట్టండి, ఎందులో ఎక్కడిదాకా పోయాలో గీత గీయండి. పాలు 60, 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆపేయాలి. 70 దాటితే తియ్యదనం తగ్గి కాగిన వాసన వస్తుంది, ఒకసారి కాగినవి మళ్లీ కాచకూడదు. పారబోసింది ఏదైనా ఒక బకెట్‌లో పోసి, రాత్రి కొలిచి రాయండి. ఎవరినీ తిట్టక్కర్లేదు, అంకె గోడ మీద ఉంటే అదే తగ్గుతుంది.

మెనూ గురించి పెద్దగా చెప్పేది లేదు. ఎనిమిది పానీయాలు, రెండు సైజులు. ప్రతి కొత్త సిరప్ సీసా షెల్ఫ్ మీద చేరి, ఏడాది తర్వాత దుమ్ముతో కలిసి బయటకు పోతుంది. తినేవి మొదట బయట నుంచి తెప్పించండి, సాయంత్రానికి మిగిలేవాటి లెక్క తెలిశాక సొంత వంట గురించి ఆలోచించవచ్చు. డెలివరీ యాప్‌ల కమీషన్ పోగా ఆ 70లో ఏం మిగులుతుందో కూడా వేసి చూసుకోండి. నా దగ్గర ఏమీ మిగల్లేదు, పైగా ఆ సంచులు కట్టే హడావిడిలో ఎదురుగా నిలబడ్డ మనిషి ఆగాల్సి వచ్చింది. మానేశాను.

పనివాళ్ల విషయం అంత సులువు కాదు. నేను చూసినంతలో షాట్ తీయడం మూడు వారాల్లో వస్తుంది, పాలు చక్కగా కాచడానికి రెండు నెలలు. వరుసలో నాలుగో మనిషి ముఖం చూసి, 'మీది ఎప్పటిదేనా, చక్కెర లేకుండా' అనడం మాత్రం నేర్పితే రాదు. కాబట్టి అనుభవం ఉందా లేదా అన్నదానికన్నా, తొందరలో విసుక్కోకుండా ఉండగలరా అన్నది చూసి తీసుకోండి. ఒక రద్దీ పూట డబ్బులిచ్చి పని చేయించి చూడండి, ఇంటర్వ్యూ కన్నా అది నయం. నెలల తరబడి రోజూ తెరవడం, మూయడం మీరే చేస్తే మొదట్లో గొప్పగా ఉంటుంది, తర్వాత మనిషి అరిగిపోతాడు. నాలుగో నెలకల్లా మీరు లేకుండా ఒక పూర్తి రోజు నడవాలి. నడవకపోతే మీరు షాపు పెట్టలేదు, ఇంకో ఉద్యోగంలో చేరారు, అదీ జీతం తక్కువ ఉద్యోగంలో.

లాప్‌టాప్ పెట్టుకుని మూడు గంటలు కూర్చునేవాళ్ల మీద చాలామంది యజమానులకు కోపం. నాకు లేదు. ఖాళీగా ఉన్న మధ్యాహ్నం పూట లోపల నలుగురు కనిపిస్తేనే ఐదోవాడు వస్తాడు. ప్లగ్ పాయింట్లు మాత్రం ఒక గోడకే పెట్టించాను. పని చేసేవాళ్లు అటు వెళ్తారు, కిటికీ పక్కన చోటు మిగతావాళ్లకు దొరుకుతుంది. బోర్డులు రాసి ఎవరినీ నొప్పించే పని తప్పింది.

అగ్రిమెంట్‌లో నాలుగు సంగతులు చూడండి. లోపల పని చేయించుకునే నెలల్లో అద్దె మాఫీ చేస్తారా, ఏటా ఎంత పెంచుతారు, పైకప్పు కారితే ఎవరు బాగుచేయించాలి, మీరు మానుకోవాల్సి వస్తే ఆ అగ్రిమెంట్‌ను ఇంకొకరి పేరుకు మార్చే హక్కు మీకుందా. నాలుగోది ఉండి ఉంటే నా రెండో షాపును నడుస్తున్న షాపుగా అమ్ముకునేవాణ్ని. లేకపోవడంతో మెషిన్, కుర్చీలు విడివిడిగా అయినకాడికి అమ్ముకోవాల్సి వచ్చింది. ఆహార లైసెన్సు, ఆ స్థలంలో తినుబండారాల వ్యాపారానికి అనుమతి, షాపులో పాటలు పెట్టుకోవడానికి తీసుకోవాల్సిన లైసెన్సు ఇవి ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి, సంతకానికి ముందే కనుక్కోండి.

ఎన్నాళ్లకు లాభం అంటే, మొదటి ఆరు వారాల లెక్కలు నమ్మకండి. అది కొత్త షాపు చూడటానికి వచ్చిన జనం. ఏడో వారం గిరాకీ పడిపోతుంది, అందరికీ పడిపోతుంది, అప్పుడు ఆఫర్లు పెట్టడం మొదలుపెట్టకండి. ఆ వారం నుంచి ఒకే ఒక్క అంకె చూడండి. వారానికి మూడుసార్లకు పైగా వచ్చే మనుషులు ఎంతమంది. మా షాపులో అది 45కి చేరడానికి ఏడు నెలలు పట్టింది, ఆ నెలే మొదటిసారి ఖర్చులు పోను కొంచెం మిగిలింది. మీకు ఇంకా ముందే కావచ్చు, ఏడాది పట్టొచ్చు. అందుకే షాపు తెరిచేనాటికి అద్దె, జీతాలు, వాయిదాలు ఆరు నెలలపాటు కట్టగలిగే డబ్బు ముట్టుకోకుండా పక్కన ఉండాలి. మీరు రాసిన లెక్కలో ఆ డబ్బంతా ఇంటీరియర్‌కు, ఇటలీ లైట్లకు పోయింది.

ఉద్యోగం ఇప్పుడే మానకండి. సెలవు రోజుల్లో ఎవరి కాఫీ షాపులోనైనా తెరిచే షిఫ్టుకు చేరండి, జీతం ఎంతిచ్చినా సరే, మూడు నెలలు. మీరు చూసుకున్న షాపుకు దూరంగా ఉన్నదైతే వాళ్లకూ ఇబ్బంది ఉండదు, మీ ఉద్దేశం దాచకుండా చెప్పి చేరవచ్చు. ఈలోగా ఆ మూల దగ్గర మూడు రోజులు నిలబడి లెక్కపెట్టిన అంకెలు, ఇంటి యజమాని చెప్పిన కరెంటు లోడు ఇక్కడ రాయండి. కప్పుల లెక్క కలిసి వేద్దాం. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వకండి, యజమాని రేపే ఇంకొకరు వస్తున్నారని చెప్పినా సరే.